కమాన్ కింద బర్రె

మా యూనివర్సిటీలో కళా చరిత్ర చెప్పడమంటే ముఖ్యంగా కర్టెన్లు వేయడం. కిటికీలన్నీ మూసి, ప్రొజెక్టర్ వేడెక్కేదాకా ఆగి, తెర మీద ఒక కమాన్ బొమ్మ చూపించి "ఇది దక్కనీ శైలి" అంటాను. చీకట్లో పిల్లలు తలలూపుతారు. కొందరి తలలు కిందికి ఊగాక మళ్లీ పైకి లేవవు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో నా గొంతు చేసినంత మేలు ఏ జోలపాటా చేసి ఉండదు. పిల్లల ఆరోగ్యానికి నా సేవను ఏ సంస్థా గుర్తించలేదు గానీ, దాని గురించి నాకు బాధ లేదు.

ఇంత ప్రశాంతంగా సాగుతున్న విద్యను చెడగొట్టాలని ఒక వర్షాకాలం పైనుంచి ఆదేశం వచ్చింది. ఇకమీదట పిల్లలు చేతులతో పనిచేసి నేర్చుకోవాలట. ఆ సంగతి వివరించడానికి మా డీన్ గారు ఒక సమావేశం పెట్టారు. పొద్దున మొదలుపెట్టి భోజనాల దాకా మాట్లాడారు. చేతులతో నేర్చుకోవడం గురించి అంతసేపు మాట్లాడినా, సమోసా తీసుకోవడానికి తప్ప ఆ గదిలో ఒక్కరి చెయ్యీ కదలలేదు.

పక్క సెక్షన్‌కి చెప్పే సహోద్యోగి తెలివైనవాడు. ఆ సాయంత్రానికే ఆటో నిండా థర్మకోల్ తెప్పించాడు. నాకు అంత ముందుచూపు లేదు. నేను పుట్టింది పాతబస్తీ ఛత్రినాకలో, ఇప్పుడు ఉంటున్నదీ అక్కడే. మా తాత గుడిలో పనిచేశాడు, మా నాన్న ఆఫీసులో పనిచేశాడు, నేను రోజూ బస్సెక్కి ఊరు దాటి వెళ్లి పనిచేస్తాను. ఆ బస్సు కోసం నడిచే గల్లీలో ఒక పాత కమాన్ ఉంది. వెనకాల ఉండాల్సిన నవాబుల కాలపు భవనం, దేవిడీ, ఎప్పుడో కూలిపోయింది. వాకిలి ఒక్కటే మిగిలింది. పైన గచ్చుతో చేసిన పూలు, ఆకులు, రెండు పక్కలా రెండు చిలుకలు. కింద బర్రెలు. పాలవ్యాపారం చేసే ఒక కుటుంబం మూడు తరాలుగా అక్కడ బర్రెలు కట్టేస్తోంది. ప్రతిరోజూ ఆ కమాన్ కింద నుంచి, పేడ తొక్కకుండా, చీర కుచ్చిళ్లు పైకెత్తుకుని నడిచి, బస్సెక్కి, యూనివర్సిటీకి వెళ్లి, కర్టెన్లు వేసి, ఇంకెక్కడిదో కమాన్‌ను ఫొటోలో చూపించేదాన్ని.

సరే, ఈసారి పిల్లల్నే కమాన్ దగ్గరికి తీసుకుపోదామనుకున్నాను. ప్రాజెక్టు ఏమిటంటే, ఆ కమాన్ ఎంత ఉందో అంతే సైజులో గుడ్డ మీద బొగ్గుతో గీయాలి. క్లాసులో ఈ మాట చెప్పగానే చాలా లోతైన చర్చ జరిగింది.

"మేడం, అటెండెన్స్ అక్కడే తీసుకుంటారా?"

"మేడం, గ్రూప్ మార్కులా, ఇండివిడ్యువల్ మార్కులా?"

"మేడం, ప్రింట్ తీయిస్తే ఒప్పుకుంటరా?"

ఆఖరి ప్రశ్న మా టాపర్‌ది. ఏ కట్టడం ఎవరు కట్టించారో, ఎప్పుడు కట్టించారో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. మిగతావాళ్లను నిద్రలో లేపడమే కష్టం.

ఆగస్టులో వాన తెరిపిచ్చిన ఒక పొద్దున అందరం కమాన్ ముందు దిగాం. నా దగ్గర పొడుగాటి కొలత టేపు ఉంది. టాపర్ ఒక కొస పట్టుకున్నాడు, నేను రెండో కొస పట్టుకున్నాను. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి అంకెలు రాసుకోవడానికి పెన్ను తీసింది. ఓల్డ్ సిటీ గల్లీలో ముక్కూ మొహం తెలియని జనం టేపు పట్టుకుని గోడ కొలిస్తే దాని అర్థం ఏమిటో, అక్కడే పుట్టి పెరిగిన నాకు తట్టి ఉండాల్సింది. నా ధ్యాసంతా కళ మీద ఉంది.

ముందు ఎదురుగా ఉన్న కుట్టుమిషన్ ఆగింది. దర్జీ చాచా బయటికి వచ్చాడు.

"క్యా నాప్ రహే మేడం? ఏం కొలుస్తున్నరు, రోడ్డు పనా?"

నేను జవాబు చెప్పేలోపు పై అంతస్తుల్లో కిటికీలు తెరుచుకున్నాయి. "వచ్చిన్రు, వచ్చిన్రు" అని ఎవరో అరిచారు. చూస్తుండగానే గల్లీ నిండింది. ఒకాయన కోర్టు కాగితాలున్న ప్లాస్టిక్ సంచి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆయన ఇల్లు నాలుగు గల్లీల అవతల ఉందట, అయినా ముందుజాగ్రత్త. అప్పుడు బర్రెల మధ్య నుంచి, చేతిలో గడ్డి మోపుతో, గల్లీ అంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ వచ్చింది. ఆ పాడి ఆమెదే. భర్త పోయాక కొడుకుల చేత పని చేయిస్తూ, వాళ్లను తిడుతూ, దాన్ని ఆమే నడుపుతోంది. రోజూ నేను ఆ కమాన్ కింద నుంచి పోతుంటాను కాబట్టి గుర్తుపడుతుందనుకున్నాను.

"ఎవలు మీరు? రోడ్డుకు ఎన్ని ఫీట్లు తీస్తరు?" అంది.

"తీసుడు ఏం లేదు పెద్దమ్మా. పిల్లలు బొమ్మ గీయనీకి వచ్చిన్రు. నేను టీచర్ను."

"టీచర్లే గదా ఇంటింటికి తిరిగి రాసుకపోయేది! మొన్న ఓట్లకు వచ్చింది టీచరే, జనాభాకు వచ్చింది టీచరే. ఇయ్యాల కొలతలకు వచ్చిన్రా?"

నా గుర్తింపు కార్డు తీసి చూపించాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పనుల్లో అది రెండోది. దాని మీద ప్రభుత్వ ముద్ర ఉంది. జనం ఆ ముద్ర చూడగానే లొల్లి రెట్టింపయింది. టాపర్ పరిస్థితి చక్కదిద్దుదామని ముందుకొచ్చి, "ఇది హెరిటేజ్ స్ట్రక్చర్ ఆంటీ, దీనికి చారిత్రక ప్రాధాన్యం ఉంది" అన్నాడు. "జూసిన్రా! స్ట్రక్చర్ అంటున్నడు. కూలగొట్టేటప్పుడు గిట్లనే అంటరు" అని కోర్టు సంచి ఆయన అందరికీ వివరించాడు.

పెద్దమ్మ గడ్డి మోపు కింద పడేసింది.

"బొమ్మలు గీసేటోళ్లయితే గీయున్రి. గిప్పుడు, నా ముంగట. మా బర్రెను గీయున్రి, చూస్త."

ఆమె చూపించిన బర్రె ఆ పాడిలో కెల్లా పెద్దది. కొమ్ములు వెనక్కి తిరిగి, ఒళ్లు నూనె రాసినట్టు మెరుస్తోంది. ముగ్గురు పిల్లలు అట్టలు పట్టుకుని కూర్చున్నారు. గల్లీ మొత్తం వాళ్ల వెనక నిలబడి కాగితాల్లోకి వంగి చూసింది. బర్రె కళా విద్యార్థుల పట్ల ఏ జాలీ లేనిది. తల గీసేసరికి తోక ఇటు పెట్టింది, తోక గీసేసరికి వెళ్లి నీళ్ల తొట్టి దగ్గర నిలబడింది. టాపర్ బొమ్మలో బర్రెకు పక్క నుంచి చూస్తే ఉండే ఒళ్లు, ఎదురుగా చూస్తే ఉండే మొహం వచ్చాయి. ఇంకొక అబ్బాయి బర్రె కుర్చీలా ఉంది. ఆదిలాబాద్ అమ్మాయి కొమ్ములొక్కటీ బాగా గీసింది, కాళ్ల దగ్గరికి వచ్చేసరికి కాగితం అయిపోయింది.

పెద్దమ్మ మూడు బొమ్మల్నీ చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. చాచాకు చూపించింది. ఆయనా నవ్వాడు.

"వీళ్లు గవర్నమెంటోళ్లు కాదు" అని తీర్పు చెప్పింది. "గవర్నమెంటోళ్లయితే గీత సీదా గీస్తరు. గిసొంటి బర్రెను ఎవ్వరు గీస్తరు?"

నా పాతికేళ్ల బోధనకు అంత స్పష్టమైన ఫలితం అంతకు ముందెప్పుడూ రాలేదు. మా పిల్లల చేతి పని చూసి, జనం గుంపు శాంతించి, ఇళ్లలోకి వెళ్లిపోయింది. కోర్టు సంచి ఆయన మాత్రం కాస్త నిరాశ పడ్డట్టు కనిపించాడు.

అప్పటి నుంచి వారానికి రెండు పొద్దులు అక్కడే క్లాసు. పాలు పితకడం అయ్యాక, పేడ ఎత్తాక, మా వంతు. గాడా అనే ముతక గుడ్డను పట్టీలుగా కుట్టించి, గంజి పట్టించి ఆరబెట్టాం. బొగ్గు కూడా కొనకూడదన్నాను. చింత పుల్లలు రేకు డబ్బాలో కాల్చి మీరే చేసుకోండన్నాను. హాస్టల్ వెనకాల కాలుస్తుంటే వార్డెన్ చికెన్ వండుతున్నారనుకుని పరుగెత్తుకొచ్చాడట. పుల్లలని తెలిశాక ఇంకా కోపం వచ్చిందట, చికెన్ అయితే కనీసం ఒక ప్లేటు దొరికేది కదా.

పిల్లలు మొదటి వారం కమాన్‌ను చూడలేదు, ఫోన్‌లో తీసిన కమాన్ ఫొటోను చూశారు. కమాన్ ఎదురుగానే నిలబడి, దానికి వీపు పెట్టి, నీడలో కూర్చుని, ఫొటో చూసి గీశారు. ఫోన్లన్నీ తీసుకుని పెద్దమ్మ దగ్గర పాల క్యాన్లో పెట్టించాను. ఖాళీ క్యాన్ అనే చెప్పాను గానీ, పిల్లలు అరగంటకోసారి వెళ్లి మూత తీసి చూసుకునేవారు.

ఫోన్లు పోయాక కళ్లు పనిచేయడం మొదలైంది. మొదట గొడవ చిలుకల దగ్గర వచ్చింది. టాపర్ ఎడమవైపు చిలుకను చాలా శ్రద్ధగా గీశాడు. వంకర ముక్కు, రెక్కల గీతలు, కాలి కింద మామిడి పిందె. కుడివైపుకు వచ్చేసరికి గీసిన దాన్నే తిరగేసి అచ్చుగుద్దాడు.

"పైకి చూసినవా?" అన్నాను.

"సిమ్మెట్రీ కదా మేడం. ఈ శైలికి ప్రాణం సిమ్మెట్రీ అని మీరే చెప్పిన్రు. అయిదు మార్కుల ప్రశ్నల కూడా రాసిన."

"సరే, నిచ్చెన ఎక్కి చూడు."

ఎక్కాడు. చాలాసేపు దిగలేదు. దిగి వచ్చాక కొంచెం కోపంగా ఉన్నాడు.

"మేడం, కుడిదిక్కు చిలుక కోడి లెక్క ఉన్నది."

నిజమే. దగ్గరగా చూస్తే అది లావుగా, మెడ లేకుండా, ముక్కు నిటారుగా పెట్టుకుని, ఎవరినో కసిరినట్టుంది. ఎడమ చిలుక చేసిన చెయ్యి వేరు, ఇది వేరు. మేస్త్రీ ఎడమది చేసి అన్నానికి పోయి ఉంటాడు, కుడిది మరెవరో మొదలుపెట్టి ఉంటారు. లేకపోతే ఇద్దరికీ పడేది కాదేమో. చిన్నప్పటి నుంచి దాని కింద తిరిగిన నేను కూడా ఆ పొద్దు దాకా దాన్ని చిలుక అనే అనుకున్నాను. సిమ్మెట్రీ నా నోట్సులో ఉంది కాబట్టి కమాన్ మీద కూడా ఉందనుకున్నాను.

"అది మిస్టేక్ కదా మేడం. మనం కరెక్ట్ చేస్తే మంచిగుంటది."

"చెరిపెయ్యి. కోడినే గియ్యి."

వాడు గొణుక్కుంటూ చెరిపాడు. ఎడమ చిలుకకు పట్టినంత కాలానికి రెండింతలు కోడికి పట్టింది. ఎందుకంటే దానికి నోట్సు లేవు, చూసి తీరాలి. గడ్డి తెస్తూ పెద్దమ్మ ఆగి పైకి చూసింది.

"అవి చిలుకలా? అయ్యో, నేను గబ్బిలాలనుకున్న! మా మామ ఉన్నప్పటి నుంచి గబ్బిలాల కమాన్ అనే అంటం."

ఇంక కొద్ది రోజుల్లో పని పూర్తవుతుందనగా పెద్దమ్మ అసలు విషయానికి వచ్చింది. అంత పెద్ద గుడ్డ మీద గోడ గీసి, అందులో ఉంటున్న బర్రెను గీయకపోవడం ఆమెకు అన్యాయంగా తోచింది.

"నా జాగల కూసుంటిరి, నా చాయ్ తాగితిరి. నా బర్రె ఎటువాయె?"

నేను చాలా శాస్త్రీయంగా మాట్లాడాను. ఇది కట్టడానికి సంబంధించిన పత్రమని, ఇందులో ఉన్నదున్నట్టుగా కట్టడం మాత్రమే ఉండాలని చెప్పాను. ఆమె చెవినపెట్టలేదు. అంతకంటే ఘోరం, పిల్లలూ పెట్టలేదు.

"ఉన్నదున్నట్టు అంటే బర్రె కూడా ఉన్నది కదా మేడం" అంది ఆదిలాబాద్ అమ్మాయి. సెమిస్టర్ మొత్తం మీద క్లాసులో ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి. అంతదాకా ఎందుకు ఊరుకుందో అప్పుడర్థమైంది. మాట్లాడితే నేను ఓడిపోతాను.

కాబట్టి బర్రె వచ్చింది. ఆ అమ్మాయే గీసింది. పెద్దమ్మ పీట వేసుకుని పక్కనే కూర్చుని మార్పులు చెప్పింది. పొట్ట ఇంకా నిండుగా ఉండాలంది. ఒక కొమ్ముకు పెచ్చు ఊడింది కదా అంటే, అది కనపడొద్దంది. నాలుగు కాళ్లూ కనపడాలంది, కుంటిది అనుకుంటారట. మొహంలో "జర నవ్వు" ఉండాలంది. రాజులూ నవాబులూ తమ పొట్టలు తగ్గించి, మీసాలు పెంచి గీయించుకున్నారని ఏటా ఒక గంటసేపు పాఠం చెప్తాను. అప్పుడెప్పుడూ కళ్లు తెరవని పిల్లలు ఈ బేరాన్ని నోరు తెరిచి చూశారు. ఆదిలాబాద్ అమ్మాయి పొట్టకు ఒప్పుకుంది, కొమ్ముకు ఒప్పుకోలేదు. పెద్దమ్మ అలిగి లోపలికి పోయింది. మళ్లీ చాయ్‌తో బయటికి వచ్చింది. చివరికి కొమ్ముకు ఒక బంతిపూల దండ చుట్టారు, పెచ్చు దాని చాటున పోయింది. ఆస్థాన చిత్రకారులు ఇంతకంటే గొప్ప ఉపాయాలేమీ పన్నలేదని నా నమ్మకం.

ఆ మరునాడే, ఆరబెట్టిన గుడ్డ కింది పట్టీ మీద ఒక దూడ నడిచి వెళ్లింది. పేడ అంటిన గిట్ట ముద్ర పడింది. తుడిచే కొద్దీ పెద్దదైంది. వదిలేశాం.

కమిటీ వచ్చి అన్ని సెక్షన్ల పనులూ చూసి మార్కులూ బహుమతులూ ఇచ్చే జూరీ రోజు, మా గుడ్డ ఏ హాల్లోనూ పట్టలేదు. రెండో అంతస్తు వరండా నుంచి కిందికి వేలాడదీశాం. గాలికి కమాన్ నెమ్మదిగా ఊగుతుంటే కింద బర్రె కదిలినట్టుండేది. డీన్ గారు కమిటీతో వచ్చి, తలెత్తి, కాస్త ఇబ్బంది పడ్డారు.

"మేడం, స్కేల్ బాగుంది. కానీ ఫైల్లో పెట్టాలంటే ఎలా? ఇదే ఏ-ఫోర్ సైజులో చేయించలేకపోయారా?"

"అసలు సైజులో గీయడమే ప్రాజెక్టు సార్."

"అర్థమైంది. మరి ఔట్‌కమ్ ఏంటి?"

నేను ఆలోచిస్తుండగా కమిటీలో ఒకాయన కింది మూలకు వంగి గిట్ట ముద్రను పరీక్షగా చూశాడు. ఇది ఏ టెక్నిక్ అని అడిగాడు. మా టాపర్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"మిక్స్‌డ్ మీడియా సార్."

కమిటీ రాసుకుంది. వాడికి మంచి భవిష్యత్తు ఉంది.

మొదటి బహుమతి పక్క సెక్షన్ థర్మకోల్ గుడికి వచ్చింది. స్విచ్చి వేస్తే గోపురంలో సీరియల్ లైట్లు వెలిగేవి, అన్ని పక్కలా అచ్చంగా ఒకేలా. మా గుడ్డకు సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు, పాల్గొన్నందుకు. బహుమతి రాలేదని పిల్లలు ఏడుస్తారేమోనని చూశాను. వాళ్లు ఆ థర్మకోల్ గుడి దగ్గర నిలబడి, రెండు పక్కలనూ మార్చి మార్చి చూస్తూ, "ఒక్కడే చేసినట్టుంది, పాపం" అనుకుంటున్నారు.

గుడ్డ పెట్టడానికి యూనివర్సిటీలో చోటు లేదన్నారు. స్టోర్ రూమ్ ఉంది గానీ దాంట్లో పాత కర్టెన్లు ఉన్నాయట. ఇంతలో పెద్దమ్మ నుంచి కబురొచ్చింది. దీపావళి అయ్యాక పాడివాళ్లు బర్రెలనూ దున్నలనూ కడిగి, నూనె రాసి, గవ్వలూ పూలూ కట్టి బయటికి తీసే సదర్ వస్తోందని, ఆ గుడ్డ పంపితే బర్రెల పాక ముందర కడతామని. పిల్లలు దాన్ని చుట్టి, భుజాల మీద పెట్టుకుని, సిటీ బస్సులో తెచ్చారు. కండక్టర్ ఏంటిది అని అడిగితే బర్రె అన్నారట.

సదర్ సాయంత్రం నేను వెళ్లేసరికి గల్లీలో కాలు పెట్టే చోటు లేదు. డప్పులు మోగుతున్నాయి. పాక ముందర వెదురు బొంగులకు మా కమాన్ కట్టారు, అసలు కమాన్ పక్కనే. జనం వరస కట్టి మా బొమ్మ ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు, అసలు కమాన్‌కు వీపులు పెట్టి. ఎవరినీ ఏమీ అనలేదు. పండగ పూట పాఠాలెందుకు?

పెద్దమ్మ కొత్త చీరలో, వచ్చిన చుట్టాలకల్లా బర్రె పొట్ట చూపిస్తోంది. నా చేతిలో చాయ్ గ్లాసు పెట్టి, "ఆ పొల్ల యాడుందో చూసినవా బిడ్డా? పొద్దుగూకినకాడికెల్లి అన్నం గూడ తింటలేదు" అంది.

ఆదిలాబాద్ అమ్మాయి పాక అరుగు మీద, బల్బు వెలుగులో, అట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. బహదూర్‌పురా నుంచీ, జల్‌పల్లి నుంచీ వచ్చిన పాడివాళ్లు తమ దున్నల తాళ్లు పట్టుకుని ఆమె ముందు వరసగా నిలబడ్డారు. మా దాన్ని ముందు అంటే మా దాన్ని ముందు అని కీచులాట. ముక్కుతాడు లాగి ఒక దున్నను ఆమె ఎదుట నిలబెట్టారు. అది డప్పులకు బెదిరి తల విదిలిస్తోంది, ఒక్కచోట నిలబడడం లేదు. ఆమె కంగారు పడలేదు. తల తిప్పినప్పుడల్లా ఆగి, అది మళ్లీ ఇటు చూసేదాకా ఎదురుచూసి, అదే కాగితం మీద ఇంకొక గీత వేస్తోంది. మెడ దగ్గర బరువు పడ్డ తీరు సరిగ్గా వచ్చింది. నేను అది ఎప్పుడూ చెప్పలేదు. ఎలా చెప్పాలో నాకు తెలియదు కూడా.

ఏదైనా సలహా ఇద్దామని, అలవాటు చొప్పున, ఆమె వెనకాలకు వెళ్లి వంగి నిలబడ్డాను.

"మేడం, జర పక్కకు జరుగున్రి" అంది తలెత్తకుండా. "నీడ పడుతున్నది."

జరిగాను.